కడిగేకొద్దీ పెరిగే ఇబ్బంది

ప్రభుత్వాసుపత్రుల గైనిక్ ఓపీలో తరచూ వినపడే మాట ఒకటుంది: "మేడమ్, తెల్లబట్ట అవుతోంది, నడుము లాగేస్తోంది, ఒకటే నీరసం." ఈ మూడూ విడివిడిగా రావు, జట్టుగానే వస్తాయి. తోడు వచ్చిన అత్తగారు ఇంకో మాట కలుపుతుంది, ఎముకల్లో సత్తువంతా కరిగి అలా పోతోందని. అప్పటికే ఇంట్లో బియ్యం కడుగు తాగించడం, నానబెట్టిన మెంతులు పెట్టడం అయిపోయి ఉంటుంది. "వేడి చేసింది" అన్న తీర్పు కూడా వచ్చేసి ఉంటుంది.

ఎముకలు కరగడం లేదు. వయసొచ్చిన ఆడవాళ్లకు రోజుకు ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్ల దాకా తెలుపు కావడం మామూలే. అంటే టీ స్పూనుకు కాస్త తక్కువ. గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథుల నుంచి వచ్చే జిగురు, యోని గోడల నుంచి ఊరే చెమ్మ, ఆ గోడల మీద రాలిపోయిన పాత కణాలు కలిస్తే అదే తెల్లబట్ట. అందులో చాలా భాగం నీరే. మరి నడుము నొప్పి, నీరసం ఎందుకొస్తున్నాయంటే కారణం చాలాసార్లు రక్తంలో ఉంటుంది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ అందుకు మినహాయింపేమీ కాదు. నీరసం కనపడదు, తెల్లబట్ట కంటికి కనపడుతుంది. కనపడేదాని మీదే నేరం మోపుతారు.

ఈ స్రావం చేసే పని మాత్రం చిన్నది కాదు. ఈస్ట్రోజన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడ మందమై, అందులో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా దాని మీద బతుకుతూ లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. ఈ బ్యాక్టీరియాను 1892లో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. పాలను పెరుగుగా తోడుపెట్టేదీ ఈ కుటుంబానికి చెందిన సూక్ష్మజీవులే. ఆ ఆమ్లం వల్ల లోపల పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, 7 తటస్థం, అంతకు తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. జబ్బు తెచ్చే క్రిములు చాలావాటికి ఆ పులుపు గిట్టదు. నల్ల లోదుస్తుల మీద అక్కడక్కడ రంగు వెలిసి లేత నారింజ మచ్చలు పడతాయి చూడండి, అది ఈ ఆమ్లం పనే. ఇన్ఫెక్షనేమోనని చాలామంది కంగారుపడేది ఆ మచ్చలు చూసే. నిజానికి లోపల అంతా సవ్యంగా ఉందనడానికి అవి గుర్తు.

నెల పొడవునా ఇది ఒకేలా ఉండదు. బహిష్టు అయిపోయిన కొన్నాళ్లు పొడిపొడిగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా పల్చగా, సాగేలా మారుతుంది. ఆ తర్వాత మళ్లీ చిక్కబడి తగ్గుతుంది. గర్భిణులకు, కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు ఎక్కువవుతుంది. కాన్పయ్యాక నాలుగు నుంచి ఆరు వారాల పాటు అయ్యేది వేరు. అది ముందు ఎర్రగా, తర్వాత గోధుమ రంగుగా, చివరికి తెల్లగా మారుతూ ఆగిపోతుంది. బాలింతకు దుర్వాసనతో పాటు జ్వరం ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అలాగని తెల్లబట్ట అన్నమాట వినగానే "ఏం లేదులే" అని పంపేయడమూ తప్పే. మహారాష్ట్రలో తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించింది. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉన్నట్టు తేలింది. బాధ ఉందని నోరు తెరిచి చెప్పినవాళ్లు దాదాపు సగం మందే. తర్వాత గోవాలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్ తదితరులు దాదాపు 2,500 మందిని పరిశీలిస్తే కథ తిరగబడింది. తెల్లబట్ట అవుతోందని చెప్పిన ఆడవాళ్లలో ఇన్ఫెక్షన్ల కన్నా మానసిక కుంగుబాటు, ఆందోళన, ఒళ్లునొప్పులే ఆ ఫిర్యాదుతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. రెండూ కలిపి చదివితే అర్థమయ్యేది ఇది: జబ్బున్నవాళ్లు చెప్పడం లేదు, చెప్పేవాళ్లలో చాలామంది బాధ మరోచోట ఉంది. "కింద బాగోలేదు" అనడం "మనసు బాగోలేదు" అనడం కన్నా తేలిక మరి.

కాబట్టి చూడాల్సింది ఎంత అవుతోందని కాదు, ఏం మారిందని. విరిగిన పాలలా గడ్డలుగడ్డలుగా వస్తూ విపరీతమైన దురద ఉంటే అది సాధారణంగా క్యాండిడా అనే ఫంగస్. పల్చగా, బూడిద రంగులో, చేపల నీచు వాసనతో, ముఖ్యంగా కలయిక తర్వాత వాసన పెరిగితే బ్యాక్టీరియల్ వజైనోసిస్. ఇది బయటినుంచి దాడి చేసిన క్రిమి వల్ల కాదు, లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి ఇతర బ్యాక్టీరియా పెరగడం వల్ల వస్తుంది. పసుపుపచ్చగా లేదా ఆకుపచ్చగా, నురగతో వస్తే ట్రైకోమోనాస్ అనే, కలయిక ద్వారా అంటుకునే పరాన్నజీవి అయ్యే అవకాశం ఉంది. దానికి భర్తకూ కలిపి మందు వాడాలి. భార్య ఒక్కతే మందు మింగితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ప్రభుత్వాసుపత్రుల్లో ఇలాంటి ఇన్ఫెక్షన్లకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌లలో తెల్లబట్ట ఫిర్యాదుకు ఆకుపచ్చ రంగు మందుల కిట్ ఉచితంగా ఇస్తారు. పొత్తికడుపు నొప్పి, జ్వరం తోడైతే మందుల లెక్క వేరు, తొందర కూడా వేరు.

ఇక కడుక్కోవడం సంగతి. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. పైన చెప్పిన స్రావం పని అదే. కడగాల్సింది బయటి భాగాన్నే, అదీ స్నానం చేసేటప్పుడు మామూలు నీళ్లతో ఒకసారి. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. దాన్ని లోపలికి పంపితే ఆ పులుపు విరిగిపోతుంది, లాక్టోబాసిల్లస్ దెబ్బతింటుంది, నీచు వాసన మొదలవుతుంది. వాసన వస్తోందని ఇంకా గట్టిగా కడుగుతారు. నీళ్లలో డెట్టాల్ కలిపి కడిగేవాళ్లున్నారు. నిమ్మరసం, వేపాకు కషాయం పోసేవాళ్లున్నారు. టాయిలెట్‌లో జెట్ స్ప్రే నేరుగా లోపలికి కొట్టేవాళ్లూ ఉన్నారు. లోపల కడుక్కునే అలవాటుకు బ్యాక్టీరియల్ వజైనోసిస్‌తోనూ, గర్భాశయ నాళాల ఇన్ఫెక్షన్‌తోనూ సంబంధం ఉందని ఎన్నో అధ్యయనాలు చూపాయి. మలవిసర్జన తర్వాత నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం, తడి లేకుండా తుడుచుకోవడం, నూలు లోదుస్తులు వేసుకోవడం, వాటిని గది మూలన చీర చాటున కాకుండా ఎండలో ఆరేయడం, అంతకు మించి చేయాల్సిందేమీ లేదు.

"పీహెచ్ బ్యాలెన్స్" పేరుతో అమ్మే ఇంటిమేట్ వాష్‌లు సబ్బు కన్నా నయమే. కాకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషికి వాటి అవసరం లేదు. పెర్ఫ్యూమ్ కలిపినవైతే దురద కొనుక్కున్నట్టే. 2012లో ఒక కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, ఆ భాగాన్ని తెల్లగా చేస్తామని మన టీవీల్లోనే ప్రకటన వేసింది. ఆ చర్మం ఒంటి మీద మిగతా చర్మం కన్నా నల్లగా ఉండటం హార్మోన్ల వల్ల సహజం. లేని రోగాన్ని ముందు సృష్టించి, ఆ తర్వాత సీసా అమ్మడం ఈ వ్యాపారానికి బాగా అచ్చొచ్చిన పద్ధతి.

పిల్లల దగ్గర ఈ కడిగే ఆత్రం ఇంకా ఎక్కువ.

పుట్టిన ఆడపిల్లకు మొదటి వారంలో తెల్లటి జిగురు కనపడుతుంది. ఒక్కోసారి రెండు చుక్కల రక్తం కూడా. కడుపులో ఉండగా తల్లి ఈస్ట్రోజన్ బిడ్డకు అందుతుంది, పుట్టగానే అది ఆగిపోతుంది కాబట్టి ఇలా అవుతుంది. పది పదిహేను రోజుల్లో దానంతటదే పోతుంది. అదే హార్మోన్ల వల్ల కొందరు పిల్లలకు, ఆడైనా మగైనా, రొమ్ములు గట్టిపడి పాలలాంటి చుక్క వస్తుంది. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసే ఆవిడ చాలాచోట్ల దాన్ని పిండేస్తుంది. పిండితే చీము పట్టే ప్రమాదం ఉంది. మడతల్లోని తెల్లటి జిడ్డునూ సున్నిపిండితో రుద్ది తీసేస్తుంది. అది పుట్టుకతో వచ్చిన రక్షణ పూత, రుద్దక్కర్లేదు, రోజులు గడిచేకొద్దీ అదే పోతుంది. మలం అంటితే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో ముందు నుంచి వెనక్కి తుడిస్తే చాలు.

మగపిల్లల విషయంలో ఆ ఆవిడే మరో పని చేస్తుంది. రోజూ నూనె రాసి పురుషాంగం ముందు చర్మాన్ని వెనక్కి లాగుతుంది. "ఇప్పుడు లాగకపోతే పెద్దయ్యాక ఆపరేషన్ చేయాల్సొస్తుంది" అని భయపెడుతుంది. పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. బ్రిటన్‌లో డగ్లస్ గైర్డ్‌నర్ 1949లో రాసిన వ్యాసం ప్రకారం పుట్టిన మగపిల్లల్లో నూటికి నలుగురికే అది పూర్తిగా వెనక్కి వస్తుంది. డెన్మార్క్ బడిపిల్లలను ఏళ్లతరబడి పరీక్షించిన యాకోబ్ ఓస్టర్ 1968లో లెక్కలు వెల్లడించాడు. 6-7 ఏళ్ల పిల్లల్లో 63 శాతం మందికి చర్మం ఇంకా ఎంతో కొంత అతుక్కునే ఉంది, 16-17 ఏళ్లు వచ్చేసరికి అలా ఉన్నవాళ్లు 3 శాతమే. ఎవరూ లాగకుండానే విడిపోయిందన్నమాట. బలవంతంగా లాగితే చిన్న చిరుగులు పడతాయి. అవి మానేటప్పుడు మచ్చకట్టి చర్మం నిజంగానే బిగుసుకుపోతుంది. ఏ ఆపరేషన్ తప్పించాలని లాగారో ఆ ఆపరేషన్‌కే దారి తీస్తుంది. వెనక్కి లాగి అలాగే వదిలేస్తే వాచిపోయి ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి రావచ్చు కూడా.

ఆ చర్మం కింద ఒక్కోసారి తెల్లటి చిన్న ముత్యంలాంటి గడ్డ కనపడుతుంది. తల్లులు చీము అనుకుంటారు. రాలిన చర్మ కణాలు ఒకచోట చేరి అలా అవుతాయి. ఎరుపు, నొప్పి, జ్వరం లేకపోతే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. చర్మం విడిపోయినప్పుడు అదే బయటికొచ్చేస్తుంది. మూత్రం పోసేటప్పుడు పిల్లవాడు ఏడుస్తున్నా, ధార సన్నగా వస్తున్నా, ప్రతిసారీ చర్మం ఉబ్బి నొప్పి పెడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి. పిల్లవాడికి తనంతట తానే నొప్పి లేకుండా వెనక్కి తీసుకోవడం వచ్చాక, స్నానంలో ఒకసారి నీళ్లతో కడుక్కుని చర్మాన్ని మళ్లీ ముందుకు తెచ్చుకోవాలని నేర్పితే సరిపోతుంది.

రెండు నుంచి ఎనిమిదేళ్ల ఆడపిల్లల సంగతి వేరు. ఈ వయసులో ఈస్ట్రోజన్ ఉండదు కాబట్టి లాక్టోబాసిల్లస్ కాపలా కూడా ఉండదు. లోపలి పీహెచ్ దాదాపు తటస్థంగా ఉంటుంది, చర్మం పల్చగా ఉంటుంది. అందుకే ఎరుపు, మంట, కాస్త పసుపు మరక తరచూ కనపడతాయి. కారణాలు చాలావరకు మామూలువే: బడిలో సరిగా కడుక్కోకపోవడం, రోజంతా సింథటిక్ లెగ్గింగ్స్, సబ్బు నురగ. రాత్రిపూట దురదతో నిద్రలేస్తుంటే నులిపురుగులను అనుమానించాలి. వాటికి ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు వేసి, రెండు వారాలకు మళ్లీ వేయాలి. ఒక్క పిల్లకే వేస్తే లాభం లేదు. ఇంకో మాట, డైపర్ వయసు దాటిన చిన్నపిల్లలకు ఫంగస్ ఇన్ఫెక్షన్ అరుదు. పెద్దవాళ్లకు రాసిన క్యాండిడా క్రీమ్‌ను పిల్లకూ పూయడం ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది.

దుర్వాసన ఉంటే, రక్తం కలిసి ఉంటే ఇంట్లో వైద్యం ఆపేయాలి. చిన్న టిష్యూ ముక్కలాంటిది లోపల ఇరుక్కుని ఉండొచ్చు. కొన్నిసార్లు లైంగిక దాడి కూడా కారణం కావచ్చు. పిల్లను గుచ్చిగుచ్చి అడగకుండా, తిట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, ఆసుపత్రికైనా ఇంటివాళ్లకైనా. ఒంట్లో ఆ భాగాలకు మామూలు పేర్లు చెప్పి, స్నానంలో తనే కడుక్కునేలా అలవాటు చేసిన పిల్లకు ఎవరైనా తప్పుగా ముట్టుకుంటే చెప్పడానికి మాటలుంటాయి.

రజస్వల కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది ముందు మళ్లీ తెల్లటి స్రావం మొదలవుతుంది. ఈస్ట్రోజన్ పనిచేయడం మొదలైందన్నమాట. చాలా ఇళ్లలో ఈ సంగతి పిల్లకు ఎవరూ ముందుగా చెప్పరు. అయ్యేది ఏంటో తెలియక పిల్లకు టెన్షన్, ఇన్ఫెక్షన్ అనుకుని తల్లికి టెన్షన్. అదే వయసు మగపిల్లలకు నిద్రలో వీర్యం పోవడంతో ఇదే కథ. అది సహజమని చెప్పేవాళ్లుండరు. రైలు పట్టాల పక్క గోడల మీద మాత్రం "ధాతునష్టం" గురించి పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. వీర్యం పోతే ఒంట్లో సత్తువ పోతుందన్న ఆ భయానికి 1960లో మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఎముకలు కరిగిపోతున్నాయనే ఆడవాళ్ల భయానికి ఇది అన్నదమ్ముల వరస.

మగవాళ్ల శుభ్రత గురించి చెప్పాల్సింది తక్కువ. ముందు చర్మం కింద చేరే తెల్లటి పాచిని రోజూ నీళ్లతో కడిగితే చాలు. అసలు కడగకపోతే వాసన, మంట వస్తాయి. మరీ ఎక్కువ కడిగినా అవే వస్తాయి. బ్రిటన్‌లో 1993లో బర్లీ బృందం మాటిమాటికీ అక్కడ మంట, ఎరుపు వస్తున్న మగవాళ్లను పరిశీలిస్తే, దాదాపు ముప్పావు వంతు మందికి అది క్రిముల వల్ల కాదు, చర్మం చికాకుపడటం వల్ల వచ్చింది. వాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువసార్లు సబ్బుతో కడుక్కునేవాళ్లు.

మళ్లీ మళ్లీ ఫంగస్ వస్తోందంటే మాత్రం, ఆడైనా మగైనా, ముందు షుగర్ పరీక్ష చేయించాలి. డయాబెటిస్ మొదట బయటపడేది కొందరికి ఇలాగే. ఇంకో కొత్త కారణం కూడా ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తాయి. ఆ తీపి ఫంగస్‌కు పండగే. 2020 చివర్లో డాపాగ్లిఫ్లోజిన్ జనరిక్ మాత్రలు చౌకగా వచ్చాక వాడకం బాగా పెరిగింది. గుండెకు, కిడ్నీలకు మంచి మందులవి, కాబట్టి సొంతంగా మానేయకూడదు. మూత్రం తర్వాత నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకోవాలని రాసిచ్చేటప్పుడే చెబితే సగం బాధ తప్పుతుంది. గజ్జల్లో తామరకు మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చే ట్యూబు ఇంకో తలనొప్పి. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో దురద పోతుంది, నెల తిరిగేసరికి తామర తొడల దాకా పాకుతుంది.

తెల్లబట్ట భయం తెలుగు నేల మీద ఎంతదూరం వెళ్లిందో చూడాలంటే గర్భసంచి ఆపరేషన్ల లెక్క చూడాలి. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే. అధిక రక్తస్రావం, గడ్డలు లాంటి సరైన కారణాలు చాలామందికి ఉన్నాయి. అయితే "తెల్లబట్ట అవుతోంది, అలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు" అని చెప్పే ఆడవాళ్లు పల్లెల్లో ఎందరో ఉన్నారు. పిల్లలు పుట్టేశారు, ఇక సంచితో పనేముంది అనే వాదన ఆపరేషన్‌ను సులువు చేసేసింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముకల సాంద్రత నిజంగానే తగ్గుతుంది. తెల్లబట్ట ఎముకల్ని కరిగించదు. దానికి భయపడి చేయించుకున్న ఆపరేషన్ ఆ పని చేయగలదు. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

క్యాన్సర్ భయానికి సమాధానం పరీక్షే. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. పల్చటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన కణాలున్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. కోత లేదు, మత్తు లేదు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు కట్టక్కర్లేదు. కలయిక తర్వాత రక్తం కనపడినా, ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క మరకైనా, నీళ్లలా దుర్వాసనతో ఆగకుండా స్రావం అవుతున్నా ఐదేళ్ల లెక్క చూడకూడదు, ఆ వారంలోనే వెళ్లాలి.